సుంకన్న తన చేతిమీద పెట్టిన కత్తి

రండి నాయనా, రండమ్మా. దూరంగా కూర్చుంటే ఈ కథ చెవికెక్కదు, ఇంకాస్త దగ్గరికి జరగండి. చంటిపిల్లలు ఏడిస్తే ఏడవనీండి, నరసింహస్వామి ఏమీ అనుకోడు. ఆయన పేరు ఒక్కసారి తలుచుకుని మొదలుపెడతాను.

ఎప్పటి మాటో నేను చెప్పలేను. మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పేనాటికే ఇది పాత కథ. కొండల నడుమ ఒక కోట ఉండేది. కోట కింద ఒక పేట ఉండేది. పేట చివర ఒక గుడిసె ఉండేది. ఆ గుడిసెలో మంగలి సుంకన్న ఉండేవాడు.

సుంకన్నకు ఒక పిచ్చి. మంగలికత్తుల పిచ్చి. కొత్తవి కాదు, పాతవి. తుప్పు పట్టినవి, పిడి ఊడినవి, ఎవరో పెంటకుప్పలో పారేసినవి. కనబడితే చాలు, కళ్లకద్దుకుని ఇంటికి తెచ్చేవాడు. చింతపండు పులుసులో నానేసేవాడు. ఇటుకపొడితో తోమేవాడు. ఎద్దుకొమ్ము అరగదీసి కొత్త పిడి వేసేవాడు. రాతిమీద నూరి, తోలుపట్టీమీద అటూ ఇటూ లాగి, ఆముదం రాసి గోడకు దోపేవాడు. గోడ నిండా కత్తులే.

"ఏమయ్యా, ఇంట్లో గరిటె ఒక్కటి, కత్తులు నలభై. వీటితో నన్నేం వండమంటావు?" అనేది పెళ్లాం ఎల్లక్క.

"ఒక్కో కత్తి ఎంతమంది మొక్కులు తీర్చిందో ఎల్లీ! దేవుడి పని చేసిన ఇనుము. పెంటలో పడి ఉండొచ్చునా?"

"అయితే నీ తల కూడా ఒకసారి గొరిగించుకో, కాస్త గాలైనా ఆడుతుంది."

పేటంతా నవ్వేది. సుంకన్న కూడా నవ్వేవాడు.

కోటలో దొర కదిరప్ప నాయకుడు. మంచివాడే, కానీ కోపం వస్తే మనిషి కాడు. ఆయనకు మొదటి బిడ్డ దక్కలేదు. రెండో బిడ్డ దక్కలేదు. మూడోసారి స్వామికి మొక్కుకుంటే ఒక ఆడపిల్ల నిలిచింది. చెంచమ్మ అని పేరు పెట్టుకున్నారు. మూడో ఏట పుట్టువెంట్రుకలు స్వామి ఎదుటే తీయిస్తామని ఆ మొక్కు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఏ బిడ్డకైనా పుట్టువెంట్రుకలు వాళ్ల మూలపురుషుడి నాటి మంగలికత్తితోనే తీయాలి. వెండిపెట్టె తెరిచారు. ముప్పై ఏళ్లుగా ఎవరూ ముట్టని కత్తి, ఎర్రటి తుప్పుముద్దలా ఉంది.

కోట మంగలిని పిలిచారు. "దొరా, ఇది పసితల మీద పెట్టే కత్తి కాదు" అన్నాడు. దొర తరిమేశాడు. ఏటి అవతలి మంగలిని పిలిచారు. "దొరా, దీనికి దండం పెట్టి పెట్టెలోనే ఉంచండి" అన్నాడు. దొర వాణ్ణీ తరిమేశాడు. మూడోవాడుగా సుంకన్నను పిలిచారు.

సుంకన్న ఆ కత్తిని చూశాడు. అంత పాతది, అంత వయ్యారమైనది పుట్టి ఎరగడు. చెయ్యి ఆగలేదు.

"బాగుచేస్తాను దొరా" అన్నాడు.

"ఒరే సుంకా, విను. స్వామి ఎదుట ఒక్క బొట్టు నెత్తురు పడిందా, కత్తి పట్టిన చెయ్యి నరికిస్తా."

మూడు రోజులు పని చేశాడు. మొదటిరోజు తుప్పు వదిలింది. రెండోరోజు పదును తిరిగింది. మూడోరోజు మెరుపు వచ్చింది.

"ఎల్లీ! ఇటు రా! ఇందులో నా మొహం కనబడుతోంది!"

"ఆ మొహం చూసుకోవడానికా మూడు రోజులు?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుల్లో ఒక పని మరిచిపోయాడు. పాత కత్తి బాగుచేస్తే చివర గోటితో మీటి వినాలి. మంచి కత్తి ఖణ్ మంటుంది. లోపల బీట ఉంటే టక్ మంటుంది. నలభై కత్తులకు చేసిన పని, ఆ ఒక్క కత్తికి చెయ్యలేదు. మెరుపు చూసి మురిసిపోయి మూటగట్టాడు.

మొక్కు రోజు వచ్చింది. గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ధ్వజస్తంభం నీడ గుడి మెట్టును తాకేలోగా వెంట్రుకలు తీసేయాలి, అదీ ముహూర్తం. దొర తల్లి నాగులవ్వ చెంచమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన దొర నిలబడ్డాడు, నడుముకు కత్తి.

సుంకన్న పిల్ల తల తడిపాడు. మంగలికత్తి తీసి తోలుపట్టీమీద లాగాడు. సర్, సర్. అలవాటుకొద్దీ గోటితో మీటాడు.

టక్.

మళ్లీ మీటాడు. టక్. మూడోసారి మీటాడు. టక్. వెలుగుకు పెట్టి చూస్తే నడిమధ్యలో బీట, వెంట్రుక కంటే సన్నం.

ఎవరికీ వినబడలేదు. ఆ సంగతి తెలిసింది స్వామికీ, సుంకన్నకూ.

"ఏందిరా ఆలస్యం?" అన్నాడు దొర.

చెబితే? బాగుచేశానని నోటితో అన్నది తనే. ఇంతమందిలో దొర పరువు పోతుంది, తన చెయ్యి పోతుంది. మంగలికి చెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది నాయనా?

"ఏందిరా ఆలస్యం?"

చెప్పకపోతే? పిడి దగ్గరి కొసతో మెల్లగా గీస్తే గండం గడవొచ్చు. పిల్ల తల కదిలిస్తే?

"ఏందిరా ఆలస్యం! నీడ వచ్చేస్తోంది!"

అప్పుడు చెంచమ్మ తలెత్తి చూసింది.

"తాతా, ఆ కత్తి కొరుకుతుందా?"

ఆ మాట పిల్లది కాదు, స్వామిది అంటాను నేను. సుంకన్న ఎడమచెయ్యి చాచాడు. మణికట్టు దగ్గర కత్తి ఆనించి మోచేతి వైపు గీశాడు. సగం దూరం వెన్నలా సాగింది. సగం దూరంలో పుటుక్కున విరిగింది. ముక్క చేతిలో దిగింది. నెత్తురు బొట్టు బొట్టుగా స్వామి ఎదుట బండమీద పడింది.

దొర తన కత్తి దూశాడు.

"దొరా, తప్పు నాది" అన్నాడు సుంకన్న. "మీటి చూడాల్సింది, చూడలేదు. చెయ్యి తీసుకోండి. కానీ నీడ మెట్టు దగ్గరికి వచ్చింది. ముందు బిడ్డ మొక్కు తీరనివ్వండి. నేను ఎక్కడికీ పోను."

"ఏ కత్తితో తీస్తావురా?"

సుంకన్న తన అడపం విప్పాడు. అడపమంటే మంగలి పనిముట్ల సంచి. అందులోంచి నల్లకొమ్ము పిడి వేసిన కత్తి ఒకటి తీశాడు.

"ఎవరిదిరా అది?"

"ఎవరిదో తెలియదు దొరా. పెంటకుప్పలో దొరికింది."

దొర మొహం కందగడ్డ అయింది. నాగులవ్వ కొడుకు వైపు చూడనైనా చూడలేదు. "కానీయ్ సుంకన్నా" అంది.

సుంకన్న మీటాడు. ఖణ్. గాయం పక్కనే తన చేతిమీద గీశాడు. వెంట్రుకలు రాలాయి, చర్మం తెగలేదు. ఆ చెయ్యి పిల్లకు చూపించాడు. "చూడు తల్లీ." పిల్ల వేలుపెట్టి తడిమి చూసి, బుద్ధిగా తల వంచింది.

ఎడమచేతికి గుడ్డ చుట్టుకున్నాడు. మెడ పక్కన దొర కత్తి అలాగే ఉంది. సర్. నీడ జానెడు దూరం. సర్. నీడ బెత్తెడు దూరం. సర్. చివరి కుచ్చు పళ్లెంలో పడింది, నీడ మెట్టును తాకింది. పిల్ల తలమీద ఎర్రచుక్క లేదు.

సుంకన్న కత్తి తుడిచి మడిచాడు. కుడిచెయ్యి మెట్టుమీద పెట్టాడు. ఎల్లక్క జనంలోంచి పరుగెత్తుకొచ్చి ఆ చేతి పక్కన తన చెయ్యీ పెట్టింది. ఒక్క మాట అనలేదు, ఎప్పుడూ అంటూనే ఉండే మనిషి.

దొర కత్తి ఎత్తాడు.

"ఎత్తు కదిరీ" అంది నాగులవ్వ. "ఎత్తేముందు నాకొకటి చెప్పు. వద్దన్నవాళ్లను ఇద్దరిని తరిమిన చెయ్యి ఎవరిది? ఆ ముక్క ఈ పసిదాని తలలో దిగి ఉంటే, ఎవరి చెయ్యి నరికేవాడివి?"

ఎత్తిన చెయ్యి అలాగే నిలిచిపోయింది. తర్వాత మెల్లగా దిగింది. దొర కత్తిని స్వామి గడపమీద పెట్టాడు. తలపాగా విప్పి చింపాడు. ఎవరి ముందూ నడుము వంచని మనిషి, మంగలి ముందు మోకాళ్లమీద కూర్చుని, చేతిలో దిగిన కత్తిముక్క తీసి కట్టు కట్టాడు.

"నొప్పిగా ఉందా సుంకన్నా?" అన్నాడు. ఒరే సుంకా అన్న నోటితోనే అన్నా అని పిలిచాడు, విన్నారు కదా.

సుంకన్న చాలా ఏళ్లు బతికాడు. పోయాక కొండదారిలో ఒక రాయి నిలబెట్టారు. ఆ చుట్టుపక్కల మంగళ్లు పాత కత్తిని పారేయరు. తెచ్చి ఆ రాయి కింద పెడతారు. లేనివాడు ఎవరైనా తీసుకుని బాగుచేసుకుంటాడు. ఇప్పటికీ అక్కడ పుట్టువెంట్రుకలు తీసేముందు మంగలి కత్తిని మీటి, తన చేతిమీద గీసి, ఆ చెయ్యి బిడ్డకు చూపిస్తాడు. మరిచిపోతే బిడ్డ తల్లి ఊరుకోదు. "అన్నా, సుంకన్న చెయ్యి చూపించు" అంటుంది.

కోట మరిచిపోండి, దొరను మరిచిపోండి, నన్నూ మరిచిపోండి. ఆ మనిషి చేసిన ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి, మీరూ చెయ్యండి. రేపు పొద్దున బిడ్డకు నీళ్లు పోస్తారు కదమ్మా, ముందు మీ చేతిమీద పోసి చూసుకోండి.