గుంబరేషన్

దొరల కాలంలో తోడేళ్లకన్నా ఇంగ్లీషు మాటలే ఎక్కువ గొర్రెల్ని తిన్నాయి.

ఒక గొల్లపల్లెకు దొర కాగితం వస్తే చదివి చెప్పేది దుబాసీ చెంగల్రాయుడొక్కడే. టాక్సేషన్ అని ఉంటే తనకొక పొట్టేలు ఇవ్వాలనేవాడు. ఇన్‌స్పెక్షన్ అంటే రెండు. పర్మిషన్ అంటే పొట్టేలుతోపాటు నెయ్యి కూడా. 'షన్' అని ముగిసే మాటలన్నిటి అర్థాలూ ఆయన దొడ్లోనే తేలేవి.

ఒకనాడు గొర్రెలు కాచే సుంకులమ్మ అందరి ముందూ అడిగింది.

"సామీ, గుంబరేషన్ అంటే ఏంది?"

తెలీదంటే పరువు పోతుంది. చెంగల్రాయుడు మీసం దువ్వాడు.

"చాలా పెద్ద మాటే అది! దుబాసీకి మూడు పొట్టేళ్లు సమర్పించుకోవడం. దొర నోట విన్నావా?"

"లేదు సామీ. పొద్దున బొచ్చు కత్తిరిస్తా నేనే పుట్టించినా."

జనం గొల్లున నవ్వారు. చెంగల్రాయుడి మొహం అప్పుడే బొచ్చు తీసిన గొర్రెలా అయింది.

"అయితే దానికి అర్థమే లేదు!" అని అరిచాడు.

"ఎందుకు లేదు సామీ? నా మాట, నా అర్థం. గుంజుకున్న పొట్టేళ్లన్నీ పొద్దుగూకేలోగా తిరిగిచ్చేయడం. కాదంటే చెప్పు, మిగతా మాటల అర్థాలు కూడా దొరనే అడుగుదాం."

ఆ సాయంత్రమే ఊళ్లో మొట్టమొదటి గుంబరేషన్ జరిగింది.