ఎడమవైపు చూసే ఎద్దు

అనగనగా ఒక ఊరు, సముద్రం ఒడ్డున. ఆ ఊళ్ళో ముకుందాచారి అని ఒక బొమ్మలాయన ఉండేవాడు. ఆయనకి కుంచె లేదు, రంగుల్లేవు. రాగిరేకు మీద మైనం పూసి సూదితో గీసేవాడు. ఆ తర్వాత రేకుని ద్రావకంలో ముంచితే, సూది తాకిన చోటల్లా అది రాగిని కొరికేసేది. అప్పుడు ఆ గీతల్లో సిరా నింపి, తడి కాగితం పరిచి నొక్కితే బొమ్మ కాగితం మీదికి వచ్చేది.

అయితే ఒక చిక్కు. అద్దంలోలాగా కుడి ఎడమయ్యేది, ఎడమ కుడయ్యేది. అందుకని దేవుళ్ళ బొమ్మల్ని ముందే తిప్పి గీసేవాడు. లేకపోతే వినాయకుడి తొండం అటుది ఇటు తిరిగిపోదూ మరి.

అదే ఊళ్ళో సన్నెమ్మ అని ఒక ముసలావిడ. పిల్లాజెల్లా లేరు, ఒక జత ఎద్దులున్నాయి. కాడికి ఎడమవైపు కట్టేదాన్ని దాపటెద్దు అంటారు, కుడివైపుది వలపటెద్దు. రెండూ ఒక తల్లి పిల్లలే, గుర్తుపట్టడం ఊళ్ళోవాళ్ళ వల్లయ్యేది కాదు. సన్నెమ్మకి మాత్రం తెలుసు. వలపటిది మెడ ఎడమకి తిప్పి తమ్ముణ్ణి చూసేది. దాపటిది కుడికి తిప్పి అన్నని చూసేది.

ఒక వానాకాలం దాపటెద్దు జబ్బుచేసి పోయింది. అప్పటినుంచీ వలపటిది మేత మానేసింది. సన్నెమ్మ ఎదురుగా నిలబడి పచ్చగడ్డి పెట్టింది. వాసనైనా చూడలేదు. ఆ తర్వాత తవుడు కలిపి పెట్టింది. మూతి తిప్పుకుంది. ఆ తర్వాత బెల్లంముక్క పెట్టింది. నువ్వైతే అడక్కుండానే మింగేద్దువు, అది ముట్టలేదు. మెడ ఎడమకి తిప్పి ఖాళీ జాగానే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు సన్నెమ్మ ముకుందాచారి దగ్గరికెళ్ళింది.

"వీడూ దక్కేలా లేడు నాయనా. బొమ్మైనా గీసిపెట్టు" అంది.

ఎద్దుకి బొమ్మేమిటని ఊరంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. వెళ్ళి కొట్టంలో ఎద్దు ముందు కూచున్నాడు. కాడి ఒరుసుకుని కాయగాచిన మెడ, కంటికింద నీటిచార, ఒక్కొక్క రెప్పవెంట్రుక. చూసినకొద్దీ ఆయన ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళూ దేవుళ్ళని గీశాను, ఇంత నిండు కన్ను ఎప్పుడూ గీయలేదే అనుకున్నాడు. ఆ ధ్యాసలో తిప్పి గీయడం మర్చిపోయాడు.

తీరా కాగితం ఎత్తి చూస్తే, బొమ్మలో ఎద్దు కుడివైపు చూస్తోంది.

"తప్పు గీశానమ్మా" అన్నాడు పాపం.

సన్నెమ్మ బొమ్మని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"వీడు వలపటోడు కాదు నాయనా. పోయినోడు. నా దాపటోడు" అంది.

నవ్విన ఊరు వచ్చి చూసింది. ఆ కన్ను ఎదుట గుళ్ళోలాగా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత సన్నెమ్మ ఒక చేత్తో బొమ్మ, ఒక చేత్తో బెల్లంముక్క పట్టుకుని, ఎద్దుకి ఎడమపక్కన ఆ ఖాళీ జాగాలోకి వెళ్ళి నిలబడింది. ఎద్దు కాగితం వాసన చూసింది. సిరా ఘాటుకి తుమ్మింది. నవ్వకు, ఎద్దుకి బొమ్మేం తెలుస్తుంది? అప్పుడు మెల్లిగా మెడ వాల్చి సన్నెమ్మ భుజానికి ఆనించింది. ఆవిడ చేతిలో బెల్లంముక్క తినేసింది.

అప్పటిదాకా సన్నెమ్మ ఎదురుగా నిలబడే మేత పెట్టింది. ఆ పక్కన ఎవరూ నిలబడలేదు మరి.

కథ వెళ్ళింది కంచికి,
ఎద్దు వెళ్ళింది మేతకి,
నువ్వు వెళ్ళు నిద్రకి.

కుడిపక్కకి జరుగు. ఎడమపక్కన నేనున్నాగా.