పురుగుల నిద్ర

మడకశిర వైపు ఒక గుట్ట కింద చిన్న మఠం ఉండేది. అక్కడి నంజుండస్వామికి కూర్చున్న చోటనే ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేమడిగినా "పద, అట్లా పోయొద్దాం" అని లేచేవారు. ఎండలో నడవలేని శిష్యులు మెల్లమెల్లగా ప్రశ్నలే మానుకున్నారు. మద్దిలేటి మాత్రం మానుకోలేదు. అంగడి తమ్ముడికి ఒప్పజెప్పి, పొద్దు పొడవకముందే మఠానికొచ్చి కసువు ఊడ్చి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరే మనిషి. అతని భక్తిని శంకించడానికి లేదు. అంత భక్తిపరుడికి ఇంటిపట్టున ఉండబుద్ధి కాకపోవడం ఎందుకో ఎవరూ అడగలేదు.

ఇంట్లో భార్య సుంకమ్మ ఉంది. ఉగాది పోయినప్పటినుంచీ ఆమె సరిగా అన్నం తినడం లేదు. అతనికి వడ్డించి, "నాకొద్దు, మీరు కానీయండి" అని గోడకు జారగిలబడేది. రవికె చేతులు వదులైపోయాయి. మద్దిలేటి దీనికి ఉపవాసమని పేరు పెట్టాడు. సోమవారమైతే శివుడికి, శనివారమైతే వెంకన్నకు. మిగిలిన వారాలకు ఎవరో ఒక దేవుడు దొరక్కపోడు. "మా ఇంటిదానికి నిష్ఠ ఎక్కువ" అని మఠంలో గొప్పగా చెప్పుకునేవాడు. సుంకమ్మ తల్లి కూడా ఇట్లాగే అన్నం మానేసి, కడుపులో గడ్డతో పోయింది. ఆ సంగతి అతనికి గుర్తు లేక కాదు. గుర్తుంది కాబట్టే ఆస్పత్రి అనే మాట నోట రానిచ్చేవాడు కాదు. పైకి అంటే ఎక్కడ నిజమైపోతుందోనని ప్రాణం కొట్టుకునేది.

ఆషాఢంలో ఒక పొద్దున అతను స్వామి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "స్వామీ, నేను ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. మీ పాదాల దగ్గరే పడి ఉన్నాను. అయినా మనసుకు ఒక్క పూట సుఖం లేదు. ఎందుకు?"

"పద" అన్నారు స్వామి.

గుట్ట దిగువన బయన్న అనే రైతు షెడ్డు వేసి పట్టుపురుగులు మేపేవాడు. వీళ్ళను చూడగానే వాకిట్లోకి వచ్చి, పెదవుల మీద వేలు పెట్టాడు. "మెల్లగా సామీ, నిద్రలో ఉండాయి."

పట్టుపురుగు పెరిగేటప్పుడు అప్పుడప్పుడు మేత మాని, తల పైకెత్తి, పాత పొర విడిచేదాకా కదలకుండా ఉండిపోతుంది. దాన్నే నిద్ర అంటారు. అప్పుడు ఆకు వేయకూడదు, తట్ట కదపకూడదు, పురుగును తాకకూడదు. ఆ పని చేసేవాళ్ళందరూ పాటించే కట్టుబాటు అది.

బయన్న భార్య ఈరక్క గడప పక్కనున్న తట్టలు చూపించింది. "నిద్రలో ఉంటే తలలెత్తాల గదా సామీ. ఇవి వాలిపోయినాయి, నల్లబడినాయి. వాసనొస్తాంది. ఈ తట్టలు తీసి పూడ్చిపెడితే మిగిలినవన్నా దక్కుతాయంటే ఇనడు."

"నిద్రలో కదిపితే సస్తాయే! ఊరుకో. రేపు లేస్తాయి, సూడు" అన్నాడు బయన్న.

"ఆమె మాట విను, బయన్నా" అన్నారు స్వామి.

"మీరు గూడానా సామీ!" అని నవ్వి, బయన్న తలుపు దగ్గరకు వేశాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది వీడి వ్యవహారం అనుకున్నాడు మద్దిలేటి. మఠం చేరేదాకా ఆ కంపు అతని ముక్కు వదల్లేదు, కోపమూ తగ్గలేదు.

ఒకటి రెండు రోజులు పోయాక స్వామి మళ్ళీ అటే నడిచారు. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. కడిగిన తట్టలు ఎండలో బోర్లించి ఉన్నాయి. వెనక గోతిలో ఈరక్క సున్నం చల్లుతున్నది. వాకిలి దగ్గర మొదలైన రోగం ఒక్క తట్టను కూడా మిగల్చలేదు. గూళ్ళు కట్టడానికి కొద్ది రోజులుందనగా, ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్న పంట మొత్తం ఆ గోతిలోకి పోయింది. బయన్న గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

"నాకు తెలుసు సామీ" అన్నాడు తలెత్తకుండా. "మొదటి తట్ట సూసినప్పుడే తెలుసు. తెలుసని ఒప్పుకుంటే ఆ పొద్దే పూడ్చాల గదా. చేతులు రాలే. నిద్రే అనుకుంటే ఇంగొక పొద్దన్నా బతికుండినట్టే గదా అనుకుంటి."

"ఆ పొద్దన్నా సుఖంగా ఉన్నావా?"

బయన్న నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "యాడ సుఖం సామీ! ముద్ద గొంతు దిగలే. కన్ను మూస్తే అదే వాసన. వాసనొస్తాందని నిజం చెప్పినందుకు నా ఇంటిదాన్ని తిట్టుకుంటా కూసుంటి."

ఈరక్క పార కింద పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అనివుంటే చూసేవాళ్ళకు కాస్త ఊపిరాడేది.

తిరుగుదారిలో స్వామి ముందు, మద్దిలేటి వెనక. ఆ ఉదయం తను బయలుదేరేటప్పుడు సుంకమ్మ తలుపు పట్టుకుని లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుండిపోయింది. అతను చూశాడు. చూసి, చెప్పులు తొడుక్కుని వచ్చేశాడు. ఇప్పుడు అడుగు అడుగుకూ ఆ తలుపే కళ్ళ ముందుకు వస్తున్నది. దుఃఖం పొంగుకొచ్చింది. ఇంకొంచెం ఆగితే ఏడ్చేసేవాడేమో. ఆగలేదు. గబగబా మాట్లాడడం మొదలుపెట్టాడు.

"బయన్నది మూర్ఖత్వం స్వామీ. కళ్ళెదుట కుళ్ళిపోతుంటే నిద్ర అంటాడా ఎవడైనా? మా సుంకమ్మ సంగతి వేరు. అది ఉపవాసమే. శ్రావణం వెళ్ళిపోతే మామూలుగా తింటుంది."

స్వామి ఆగి, వెనక్కి తిరిగి అతని ముఖంలోకి చూశారు.

"నేను సుంకమ్మ మాట ఎత్తలేదే, మద్దిలేటీ" అన్నారు.