బుల్లియ్య ఇచ్చిన లీజు

కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక లంక గ్రామంలో, ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే "తెలుసులెండి" అని అడ్డుపడే బుల్లియ్య అనే రైతు ఉండేవాడు.

ఒకసారి మోకాలి నొప్పికి వైద్యుడు తైలం ఇచ్చి, ఎలా వాడాలో చెప్పబోయాడు. "తెలుసులెండి" అని బుల్లియ్య లేచి వచ్చేశాడు. కాలికి రాయాల్సిన ఆ తైలం తాగి మంచం పట్టాడు. "ఒక్క నిమిషం నోరు మూసుకుని వింటే మీ సొమ్మేం పోయింది?" అని భార్య మంగతాయారు తల పట్టుకుంది.

బుల్లియ్యకు రెండు చోట్ల భూమి ఉంది. సముద్రం వైపున్నది గడ్డి కూడా మొలవని చౌడు. రోడ్డు పక్కన ఉన్నది కొబ్బరితోట. కాపురానికి వచ్చిన కొత్తలో మంగతాయారు కాలవ నుంచి బిందెలతో నీళ్ళు మోసి ఆ మొక్కల్ని బతికించింది.

ఆ ఏడు చమురు, గ్యాసు తవ్వే కంపెనీ ఒకటి ఆ ప్రాంతానికి వచ్చింది. పక్క ఊళ్ళో బీడు భూములు లీజుకు తీసుకుంది. ఒక ఉదయం దాని అధికారి డేవిడ్ రాజు బుల్లియ్య ఇంటికి వచ్చాడు.

"బుల్లియ్యగారూ, బావి తవ్వడానికి మీ భూమి ఐదేళ్ళు లీజుకు కావాలి. అయితే మాకు కావలసింది..."

"తెలుసండీ! పక్క ఊరి సంగతి విన్నాను. తీసుకోండి."

"అది కాదండీ. మా లారీలు తిరగాలి కదా, అందుకని రోడ్డు..."

"రోడ్డా? వేసుకోండి. నాకేం అభ్యంతరం లేదు!"

మంగతాయారు వంటింట్లోంచి వచ్చింది. "ఏవండీ, ఆయన్ని చెప్పనివ్వండి."

"నువ్వుండవే! భూముల సంగతి నాకు తెలియదూ?"

డేవిడ్ రాజు విసుగ్గా కాగితాలు తీశాడు. "పోనీ, చదువుతాను వినండి. సర్వే నంబరు..."

"నా నంబర్లు నాకు కంఠతా వచ్చండీ. పెన్ను ఇలా ఇవ్వండి," అని బుల్లియ్య సంతకం పెట్టేశాడు. పనికిరాని చౌడుకి లీజు వస్తోందని ఆ రోజంతా మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

కొద్ది రోజులకే పెద్ద యంత్రాలు వచ్చి కొబ్బరితోటలో దిగాయి. బుల్లియ్య పరుగున వెళ్ళేసరికి రోడ్డు వైపు చెట్లన్నీ నేలకూలి ఉన్నాయి.

"ఆపండి! నేనిచ్చింది చౌడు!" అని గుండెలు బాదుకున్నాడు.

"చౌడులో మా లారీలు దిగబడిపోతాయండీ," అన్నాడు డేవిడ్ రాజు. "రోడ్డు పక్క తోటే కావాలని చెబుదామంటే మీరు చెప్పనిచ్చారా?"

వెనకే వచ్చిన మంగతాయారు పడిపోయిన చెట్టు మీద చెయ్యి వేసి కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని డేవిడ్ రాజు దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, తోటంతా మీకెందుకు? ఉన్నదున్నట్టు చెప్పు, వింటాను."

"బావికి ఈ ముందు భాగం చాలమ్మా. వెనక భాగం పనివాళ్ళ షెడ్లకి."

"షెడ్లు మా ఇంటి వెనక ఖాళీ దొడ్లో వేసుకోకూడదా?"

డేవిడ్ రాజు ఆలోచించాడు. పైఅధికారులతో మాట్లాడి ఒప్పించాడు. అలా వెనక చెట్లు నిలిచాయి. ముందు చెట్లు మాత్రం తిరిగి రాలేదు. భార్య ముఖంలోకి చూడలేక బుల్లియ్య తల దించుకున్నాడు.

ఎదుటివారి మాట చివరిదాకా వినకుండా సరేనన్నవాడు, తాను దేనికి సరేనన్నాడో నష్టపోయాకే తెలుసుకుంటాడు.