అడుగు లేని కుండలు

రాజుగారి కుమ్మరిశాలలో పెద్ద కుమ్మరి చనిపోయాడు. ఇరవయ్యేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న రావులమ్మ ఆ కొలువు తనకిమ్మని అధికారి విరూపాక్షయ్యని అడిగింది.

"సారె తిప్పేవాడే కుమ్మరి. నువ్వెప్పుడైనా తిప్పావా?" అన్నాడాయన.

"ఆడది సారె ముట్టకూడదని కట్టడి చేసింది మీరే కదయ్యా."

"అందుకే నువ్వు కుమ్మరివి కావు. మీ ఆడాళ్ళు కుండల్ని చెక్కతో తపతపా కొట్టేది కూడా ఒక పనేనా?"

రావులమ్మకి ఒళ్ళు మండిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు. "అయితే పండగ కుండల్ని సారె మీంచి దిగినవి దిగినట్టే కాల్చెయ్యమంటారా?"

"కాల్చెయ్యండి," అన్నాడు, కుమ్మరిశాలలోకి ఏనాడూ తొంగిచూడని విరూపాక్షయ్య.

ఆడవాళ్ళంతా చెక్కలు పక్కన పడేశారు.

పండగనాడు విరూపాక్షయ్య రాజుగారి ఎదుట గొప్పగా కుండల్లో నీళ్ళు పోయించాడు. పోసిన నీళ్ళన్నీ ఆయన కాళ్ళ దాకా పారాయి.

"ఒక్క కుండకీ అడుగు లేదేం?" అన్నాడు రాజు.

"సారె మీద కుండకి అడుగు రాదు ప్రభూ," అంది రావులమ్మ. "మేం చెక్కతో కొట్టికొట్టి మూస్తాం. అది పనే కాదని అయ్యగారు సెలవిచ్చారు. అందుకే మానేశాం."

రాజు అప్పటికప్పుడే ఆ కట్టడి కొట్టేసి, పెద్ద కుమ్మరి కొలువు రావులమ్మకిచ్చాడు.

"ఇంకా నిలబడ్డావేం? వేరే కుండలు చేయించి అడుగులు మూయించు," అన్నాడు విరూపాక్షయ్య.

రావులమ్మ తన చెక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"కుమ్మరిశాలలో పని పురమాయించేది ఇప్పుడు నేను. ఎలాగూ ఇది పని కాదుగా, కూర్చుని మీరే కొట్టండి."