మేకలదారి దాలమ్మ

మన తాతల తాతలు ఇంకా పాకుతున్న కాలం. అప్పుడొక ఏరు, ఆ ఏటి ఒడ్డున రేవులపేట అని ఒక ఊరు. ఊ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. కునుకు పట్టేవాళ్ళు గోడకి జారబడండి. దాలమ్మ సంగతి చెబుతున్నాను.

దాలమ్మ మేకలు కాసుకునే మనిషి. ఆ ఊళ్ళోనే పుట్టింది, ఆ ఊళ్ళోనే పెళ్ళాడింది, ఆ ఊళ్ళోనే మొగుణ్ణి పోగొట్టుకుంది. పిల్లల్లేరు. రేవు పక్కన తాటాకు గుడిసె, ఒక మేకల మంద, ఎవరికీ వెరవని నోరు. అంతే ఆమె కలిమి.

రేవు నుంచి ఊరి వెనకున్న బోడిమెట్ట దాకా తిన్నగా ఒక దారి ఉండేది. మేకలదారి అనేవాళ్ళు. పొద్దున్న మేకలు ఆ దారంట మెట్టెక్కేవి, పొద్దుగూకే వేళకి ఆ దారంటే దిగేవి. తల్లి చంకలో ఉన్నప్పుడు దాలమ్మ తిరిగిన దారి అది. నడక నేర్చి మోకాళ్ళు చెక్కుకున్న దారి అది. "నీ మేకపిల్ల మా చేలో పడింది, తోలుకుపో" అని ఒక కుర్రాడు కసురుకున్నది ఆ దారిలోనే. తర్వాత ఆ కుర్రాడే తాళి కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. చివరికి ఆ మనిషిని నలుగురూ మెట్ట మీదికి మోసుకెళ్ళిందీ ఆ దారినే.

ఇలా ఉండగా, రేవుకి పడవలు రావడం మొదలైంది. ముందు ఉప్పు పడవలొచ్చాయి. తర్వాత బట్టల పడవలొచ్చాయి. ఆ తర్వాత ఏ పడవలో ఏం వస్తోందో చెప్పేవాళ్ళే లేరు. పడవల వెనక మనుషులొచ్చారు. మనుషుల వెనక ఇళ్ళు లేచాయి. ఒకరు గోడ కాస్త ముందుకి జరిపారు. పక్కవాళ్ళు ఇంకాస్త జరిపారు. చూస్తూ ఉండగానే దారికి అడ్డంగా ఒక ఇల్లు లేచింది. దాని వెనక మరొకటి. దాని వెనక ఇంకొకటి. మేకలదారి మాయమైపోయింది.

మెట్టెక్కాలంటే దాలమ్మ ఊరంతా చుట్టి, పల్లపు బండిదారిలో పడి పోవాలి. మేకలు అలిసిపోయేవి. దాలమ్మ తిట్టుకునేది. "రేవులో ఉతుకుడు బండ ఏదిరా? నేరేడు చెట్టు ఏదిరా? ఎదురుపడితే పలకరించే మనిషేడిరా?" అని కనిపించిన ప్రతివాడినీ నిలదీసేది. కొందరు నవ్వేవారు. కొందరు తప్పుకుపోయేవారు.

ఒకనాడు ఆమె మేకలతో బండిదారిలో ఆగి రొప్పుతోంది. కొత్తగా వచ్చిన ఒక వర్తకుడు, పాపం మంచివాడే, చూసి జాలిపడ్డాడు.

"ఏ ఊరు అవ్వా మీది? దారి తప్పారా?"

దాలమ్మ తిట్టను కూడా తిట్టలేదు, మేకల్ని వెనక్కి మళ్ళించింది. గుడిసెకి పోయి, పొయ్యి రాజెయ్యకుండా అలాగే కూర్చుంది. పుట్టిన ఊళ్ళో నన్ను ఏ ఊరని అడిగారే! అదే మాట లోపల తిరుగుతోంది. చాలాసేపటికి లేచి కళ్ళు తుడుచుకుంది.

"తప్పింది నాను కాదు, దారి" అంది మేకలతో. "రేపు తిన్నగానే పోదారి."

తెల్లారింది. ముందు మేకలు, వెనక దాలమ్మ. తిన్నగా వెళ్ళి మొదటి ఇంట్లోకి దూరారు.

అది గానుగ అప్పలసూరి ఇల్లు. ఎద్దు బెదిరి నిలబడిపోయింది. మేకలు తెలకపిండి బుట్టలో మూతులు పెట్టేశాయి. అప్పలసూరి గోచీ బిగించుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"అత్తా! ఇది ఇల్లనుకున్నావా, మేత బయలనుకున్నావా? ఎక్కడికి?"

"మెట్టకి."

"మెట్టకైతే దారంట పో!"

"దారంటే ఎల్తన్నాను బాబూ. దారి నా కాళ్ళ కిందే ఉంది. దాని మీద నీ ఇల్లుంది."

అప్పలసూరి కర్ర తీశాడు. కానీ మేకని కొడితే దాలమ్మ తిడుతుంది, దాలమ్మని కొడితే ఊరు తిడుతుంది. తోలినకొద్దీ మేకలు గానుగ చుట్టూ తిరుగుతున్నాయి, బుట్ట ఖాళీ అవుతోంది. మర్నాడు వచ్చారు, మరో బుట్ట పోయింది. ఆ మర్నాడూ వచ్చారు. ఇక తట్టుకోలేక అప్పలసూరి వెనక గోడకి కన్నం కొట్టి, తలుపు బిగించాడు.

"ఇటు పో అత్తా! ఆగకుండా పో! నీకు దణ్ణం పెడతాను."

ఆ తలుపు దాటితే రెండో ఇల్లు. అది బట్టల షావుకారిది. షావుకారు ఎప్పుడూ పడవల మీద తిరుగుతుంటాడు. ఇంట్లో భార్య నరసాయమ్మ ఒక్కర్తే. ఎక్కడో దూరపు ఊరి పిల్ల. మేకలు నట్టింట్లోకి వచ్చేసరికి మంచం ఎక్కి కెవ్వుమంది.

"బెదరకమ్మా, మెట్టకి పోతన్నాం" అంది దాలమ్మ.

"మా ఇంట్లోంచా?"

"దారి నా కాళ్ళ కిందే ఉందమ్మా. దాని మీద నీ ఇల్లుంది. కట్టింది నువ్వు కాదులే, నీ మొగుడు. అవునుగానీ, ఆ మొహం ఏటి అలా పీక్కుపోయింది? తిన్నావా?"

ఆ మాట అడిగినవాళ్ళు ఆ ఊళ్ళో అంతవరకూ ఎవరూ లేరు. నరసాయమ్మ మంచం దిగింది. రెండోనాడు వాకిట్లో నిలబడి చూసింది. మూడోనాడు తవుడు కలిపిన కుడితి సిద్ధంగా పెట్టింది. షావుకారు పడవ దిగి వచ్చి చూస్తే, వెనక గోడకి కొత్త తలుపు ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు.

"మా దాలత్త వెళ్ళే తలుపు" అంది ఆవిడ. ఇంకేం అడగొద్దన్నట్టు చెప్పింది. షావుకారు అడగలేదు.

మూడో ఇల్లు మాత్రం గట్టిది. అది ఊరిపెద్ద పారినాయుడి లోగిలి. రాతి గోడ. పెద్ద తలుపులు. ఆ తలుపుల ముందు మేకలు ఆగిపోయాయి.

పారినాయుడు బయటికొచ్చాడు. చెడ్డవాడు కాదు. తనవల్లే ఊరు ఇంత పెరిగిందని నమ్మినవాడు.

"దాలమ్మా, ఊరు పెరిగింది. పేరు వచ్చింది. ఇంత ఊరికి మేకలదారి ఎందుకు?"

"పెరగనీ బాబూ, నాను కాదన్నానా? పిల్లోడు పెరిగాడని ముక్కు మూసేస్తామేటి? ఊపిరాడాల కదా!"

"నా ఇంట్లోంచి మేకలు వెళ్ళవు."

"దారి నా కాళ్ళ కిందే ఉంది బాబూ. దాని మీద నీ ఇల్లుంది."

నాయుడు తలుపులు వేసేశాడు. దాలమ్మ గుమ్మం ముందు చతికిలబడింది. ఆమె చుట్టూ మేకలు పడుకున్నాయి. మేత లేని మేకలు ఊరుకుంటాయా? మే మే అని ఒకటే అరుపు. నాయుణ్ణి చూడ్డానికొచ్చిన పెద్దమనుషులు మేకల్ని దాటలేక వెనక్కి పోయారు. ఆ పూట అలా గడిచింది. మర్నాడూ అంతే. మూడోనాడు లోపలి గదిలోంచి నాయుడి తల్లి పిలిచింది. మంచం పట్టిన ముసలావిడ. ఆవిడ నోరు తెరిచి ఎన్నాళ్ళయిందో.

"ఒరే, ఆ మేకల గోలేమిట్రా? దాలి వచ్చిందా?"

"వచ్చిందమ్మా. పంపించేస్తాలే."

"పంపించడమేమిట్రా! దాని వెనకే కదా నేనూ చిన్నప్పుడు మెట్టకి పోయి జీడిపళ్ళు ఏరుకున్నాను. రానియ్యి దాన్ని. నా మంచం పక్కనుంచే పోనియ్యి. నేను చూడాలి."

తల్లి మాట కాదనలేక నాయుడు తలుపు తీశాడు. వెనక రాతిగోడకి కూడా ఒక తలుపు పెట్టించాడు. కాకపోతే చిన్నది. ఒక్క మనిషి వంగి దూరేటంత. వంగాల్సి వస్తే మానేస్తుందేమోనని ఆశ. దాలమ్మ మానలేదు. వంగింది. వెళ్ళింది. వెళ్ళేటప్పుడల్లా ముసలావిడ చేతిలో ఒక చిగురో, ఒక పండో పెట్టి మరీ వెళ్ళింది.

అప్పట్నుంచి ఊరికి అదొక వేడుక. "దాలమ్మ ఊరేగింపు వస్తోందర్రా!" అని నవ్వేవాళ్ళు. దాలమ్మకి మాత్రం నవ్వు రాలేదు. అరచెయ్యంత వెడల్పున్న దారిలో మూడు ఇళ్ళవాళ్ళ దయ మీద నడవాల్సి వచ్చిందే అని ఆమె మనసు మండుతూనే ఉండేది. మండినా నడక ఆపలేదు.

ఇక వినండి. ఒక ఏడాది వానలు ముందుగా పట్టాయి. పట్టినవి విడవలేదు. ఒక పొద్దున్న, అందరూ చద్దన్నాలు తింటున్న వేళ, ఎగువన ఎక్కడో గట్టు తెగింది. ఏరు రేవు మెట్లు మింగింది. దాలమ్మ గుడిసె మింగింది. అప్పటికే మేకలతో బయల్దేరింది కాబట్టి ఆమె మిగిలింది.

జనం బండిదారి వైపు పరిగెత్తారు. బండిదారి పల్లం కదా, అక్కడ అప్పటికే నడుము లోతు నీళ్ళు. వెనక్కి తిరిగారు. ఎటు తిరిగినా గోడ. ఈ సందు గోడ దగ్గర ఆగింది, ఆ సందు గోడ దగ్గర ఆగింది. మెట్ట కళ్ళెదుటే ఉంది, వెళ్ళే దారి లేదు. పిల్లల్ని నెత్తిన పెట్టుకుని తల్లులు ఏడుస్తున్నారు.

అప్పుడు వినిపించింది దాలమ్మ గొంతు.

"ఏడుపులాపండర్రా! నా మేకల ఎనకాల పడండి!"

ముందు మేకలు, వెనక దాలమ్మ, ఆ వెనక ఊరు ఊరంతా.

అప్పలసూరి తలుపులు రెండూ బార్లా తీసి, ఎద్దుని విప్పి మందలో కలిపేశాడు. జనం గానుగ పక్కనుంచి పరిగెత్తారు. నరసాయమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కొక్క పిల్లనీ అందుకుంటూ అవతలికి అందించింది. ఒక మేకపిల్ల నీళ్ళలో తడబడితే దాన్ని చంకనేసుకుంది. జనం నట్టింట్లోంచి పరిగెత్తారు. నాయుడి లోగిలి తలుపులు తెరిచే ఉన్నాయి. అంతా లోపలికొచ్చారు. వచ్చి ఆగిపోయారు.

వెనక తలుపు రాత్రంతా కురిసిన వానకి ఉబ్బిపోయి బిగుసుకుపోయింది. తోస్తే రాదు, తంతే రాదు. వచ్చినా ఒక్కొక్కరే వంగి దూరాలి. వెనక నుంచి జనం వస్తూనే ఉన్నారు. వాళ్ళ వెనక నీళ్ళు వస్తున్నాయి.

దాలమ్మ నాయుడి వైపు తిరిగింది.

"బాబూ, ఇక నీ చేతిలో ఉంది."

పారినాయుడు ఒక్కసారి తన గోడని చూశాడు. ఏరికోరి తెప్పించిన రాయి అది. అంత గోడ ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. గునపం అందుకున్నాడు. మొదటి పోటు పొడిచాడు. రెండో పోటుకి రాయి కదిలింది. మూడో పోటుకి నాయుడొక్కడే లేడు. అప్పలసూరి వచ్చాడు, వానలకి పడవెక్కకుండా ఇంటిపట్టునే ఉన్న షావుకారు వచ్చాడు, పడవలవాళ్ళు వచ్చారు. అందరూ కలిసి హైస్సా అని తోస్తే గోడ అవతలికి ఒరిగి పడింది. ఎదురుగా పచ్చగా బోడిమెట్ట!

మేకలు ఎగిరి దూకాయి. వాటి వెనక ఊరు ఎక్కింది. నాయుడి తల్లిని మంచంతో సహా ఎత్తుకుని ఎక్కారు. చంటిపిల్లలు ఎక్కారు, చూలాళ్ళు ఎక్కారు, కుంటివాళ్ళు ఎక్కారు. పైకి వెళ్ళి ఎవరి వాళ్ళని వాళ్ళు పేరుపెట్టి పిలుచుకున్నారు. పిలిచిన ప్రతి పేరూ పలికింది. ఒక్క ప్రాణం పోలేదు!

కింద రేవులపేట ఎర్రనీళ్ళలో మునిగి ఉంది. పారినాయుడు ఆయాసపడుతూ వచ్చి దాలమ్మ ముందు నిలబడ్డాడు. ఊరందరి ముందూ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"దాలమ్మా, నీ దారే మమ్మల్ని బతికించింది."

దాలమ్మ మేక చెవిలో నీళ్ళు పిండుతోంది.

"మీ ఇల్లు అడ్డమొచ్చింది గానీ బాబూ, లేకపోతే ఇంకా ముందే వచ్చేద్దుం" అంది.

మొదట మంచం మీద ముసలావిడ నవ్వింది. తర్వాత నాయుడు నవ్వాడు. ఆ తర్వాత ఊరంతా వానలో తడుస్తూ, ఏడుస్తూ నవ్వింది.

నీళ్ళు తీశాక నాయుడు అన్నాడు, "ఈ మూడిళ్ళూ తీసేసి నీ దారి నీకిచ్చేస్తాం."

దాలమ్మ ఆలోచించింది. నరసాయమ్మ చంకలో ఇంకా ఆ మేకపిల్ల ఉంది. అప్పలసూరి బురదలోంచి గానుగ రోలు లాగుతున్నాడు. ఎన్నడూ పలకరించనివాళ్ళు ఒకరి వాసం ఒకరు ఎత్తుతున్నారు.

"ఇళ్ళుండనీ" అంది. "గుమ్మాలు ఎదురెదురుగా పెట్టండి చాలు. నాను పలకరించుకుంటా పోతాను."

అలాగే పెట్టారు. దాలమ్మ ఇంకా చాన్నాళ్ళు ఆ గుమ్మాల్లోంచి నడిచింది. ఆ రోజుల్లో ఆమె తిట్టడం మాత్రం మానలేదు. కానీ ఇప్పుడు తిట్టించుకోడానికి పిల్లలు పోటీలు పడేవారు.

ఒకనాడు మెట్ట మీద మేకలు మేస్తుండగా, వేపచెట్టు నీడలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కన్నుమూసింది. కిందికి తెచ్చి, స్నానం చేయించి, పాడె కట్టారు. మళ్ళీ మెట్టకే తీసుకెళ్ళాలి. పాడె ఇళ్ళలోంచి పోకూడదని, ఊరు చుట్టి పోవాలని పూజారి అన్నాడు. పారినాయుడు అప్పటికి ముసలివాడు. పాడెకి భుజం ఇచ్చాడు.

"ఆవిడ ఎప్పుడు ఊరు చుట్టి పోయింది? మా నట్టింట్లోంచే పోతుంది. మైలంటే మైలే, నేను పడతాను."

మేకలు ముందు నడిచాయి. గానుగ పక్కనుంచి, షావుకారి నట్టింట్లోంచి, నాయుడి లోగిలిలోంచి దాలమ్మ మెట్టెక్కింది. ప్రతి గుమ్మంలోనూ దీపం పెట్టారు.

ఇప్పటికీ రేవులపేటలో తొలకరి పడ్డనాడు ప్రతి ఇంటి వీధి తలుపూ, పెరటి తలుపూ తీసి ఉంచుతారు. రేవు నుంచి మెట్ట దాకా మేకల్ని ఇళ్ళలోంచే తోలుతారు. ఇంటివాళ్ళు కుడితి పెట్టి ఎదురు నిలబడతారు. ఎవరైనా ఆ గుమ్మాల్లోంచి నడవొచ్చు. ఎవరు, ఏ ఊరు అని అడగకూడదు. "తిన్నావా?" అని మాత్రమే అడగాలి. ఆ ఊరికి కొత్తగా కాపరానికొచ్చిన పిల్లలు నట్టింట్లో మేకని చూసి కెవ్వుమంటే, అత్తలు పక్కన కూర్చోబెట్టుకుని ఇదిగో, నేను మీకు చెప్పిందే చెబుతారు.

ఇంకో మాట. ఆ ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టుకున్నా, ముగ్గు పోసి పునాది తవ్వేముందు మేస్త్రి పార పక్కన పెట్టి అడుగుతాడు, "దాలమ్మ ఎటు నడుస్తుంది?" అని. ఇంటాయన చెయ్యి చాచి చూపిస్తాడు. అటువైపు గోడ లేవదు.