పచ్చి సారకాయలు

ఒక కొండవాలు గూడెంలో గాసన్న అనే రైతు ఉండేవాడు. కష్టజీవే కానీ, తనకంటే ముందు ఇంకెవడైనా లాభపడిపోతాడేమోనన్న ఆత్రం అతన్ని కుదురుగా ఉండనిచ్చేది కాదు.

గూడెం పైన కొండంతా సారచెట్లే. పాయసంలో వేసే సారపప్పు వాటి కాయల్లోదే. ఆ చెట్లు ఏ ఒక్కరివీ కావు, గూడెం మొత్తానివి. కాయ నల్లగా పండాక కొత్త పంటను తొలిసారి ముట్టే కొత్తల పండుగ చేసి, ఆ తర్వాతే అందరూ కోసుకోవాలన్నది అక్కడి ఆచారం.

ఆ వేసవిలో గాసన్న ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. తొలకరిలోపు ఇంకో ఎద్దును కొనకపోతే పొలం బీడే. డబ్బు కళ్లజూసే దారి సారపప్పు ఒక్కటే. పండుగ ఇంకా రాకముందే గాసన్న గంప తీశాడు.

అతని భార్య దొమిని నవ్వింది. "పెరట్లో పనసకాయను రోజూ తట్టి చూస్తావు, పండలేదని వదిలేస్తావు. కొండమీది కాయేం పాపం చేసింది?"

"పనస మనది. రేపు చూసినా అక్కడే ఉంటుంది. కొండమీదది అలా కాదే! నేను ఆగితే ఇంకొకడు కోసుకుపోతాడు."

"ఎవడు?"

"ఎవడో ఒకడు!" అన్నాడు గాసన్న. గంప పట్టుకుని కొండకు వెళ్లాడు. అంత కొండలో ఒక్క గంప కోస్తే తరిగేదేముందని లెక్క వేసుకున్నాడు.

దిగి వస్తుంటే పక్కింటి బొంజుబాబు ఎదురయ్యాడు. "ఏం బావా, పండుగ నీకొక్కడికే ముందొచ్చిందా?"

"ఒక్క గంపేలే బావా!"

"గంపలు మా ఇంట్లోనూ ఉన్నాయి," అంటూ బొంజుబాబు ఇంటికి పరుగెత్తాడు.

తెల్లవారేసరికి గూడెమంతా కొండమీదే ఉంది. అందరిదీ గాసన్న లెక్కే. చెయ్యి అందని చోట కొమ్మలే విరిచారు. చూస్తుండగానే కొండ బోసిపోయింది.

ఎండబెట్టిన కాయలు సంతకు చేరాయి. షావుకారు ఒక కాయను రాతిమీద పెట్టి కొట్టాడు. లోపల పల్చటి తెల్లపొర తప్ప ఏమీ లేదు. ఇంకొకటి కొట్టాడు. అదీ అంతే.

"పప్పేదీ? ఏటా మీ గూడెం సరుకు కళ్లు మూసుకుని కొనేవాణ్ణి. ఇది పొయ్యిలోకి కూడా పనికిరాదు," అన్నాడు.

గంపలన్నీ వెనక్కి తిరిగాయి. దారిలో బొంజుబాబు, "తప్పు నీదే బావా," అన్నాడు. కాసేపు నడిచి, "నీ వెనక పరుగెత్తిన తప్పు మాదిలే," అన్నాడు.

వానలు వచ్చాయి. ఎద్దు రాలేదు. గాసన్న పారతో తవ్వగలిగినంత తవ్వి, అంబలికైనా వస్తాయని చోళ్లు చల్లాడు. మిగతా పొలం బీడుపడింది.

విరిగిన కొమ్మలు చిగిర్చి మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. ఈసారి పండుగదాకా ఇంటికొకరు వంతున కొండకు కాపలా ఉండాలని గూడెం తీర్మానించింది. మొదటి వంతు గాసన్నే అడిగి తీసుకున్నాడు.

అంబలి తెచ్చిన దొమిని అడిగింది, "ఏం, పండాయా?"

గాసన్న కొమ్మమీది కాయను వేళ్లతో నొక్కి చూసి వదిలేశాడు. "ఇంకా లేదు. రేపు చూసినా ఇక్కడే ఉంటాయిలే," అన్నాడు.

నీతి: సొంత చెట్టు పండేదాకా ఆగే ఓర్పు అందరి చెట్టు దగ్గరా ఉండాలి, ఎవరికి వారు ముందు దోచుకుంటే అందరి సొత్తు ఎవరికీ దక్కదు.